వెట్టి బతుకును కథ చేసిన భాగ్యరెడ్డి వర్మ

జహీరాబాద్ చుట్టుపక్కల దళిత వాడల్లో బేగరి అనే ఇంటిపేరు తరచూ వినిపిస్తుంది. బడి రిజిస్టర్లో, ఓటరు జాబితాలో, ఉపాధి హామీ జాబ్‌కార్డు మీద ఆ పేరు కనిపిస్తుంది. బేగారు అంటే కూలి ఇవ్వని చాకిరీ. ఉర్దూలో బేగారు, తెలుగులో వెట్టి. తాతలు చేసిన చాకిరీ మనవలకు ఇంటిపేరుగా మిగిలింది. ఆ చాకిరీ చేసిన మనిషి ఎలా బతికాడు, పొద్దున లేచి ఎవరి గడప ముందు నిలబడ్డాడు, రాత్రి ఇంటికి ఏం తెచ్చుకున్నాడు అన్నది మాత్రం ఏ రిజిస్టరూ చెప్పదు. అది చెప్పాల్సింది కథ.

ఆ పనికి తొంభై ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక దళితుడు పూనుకున్నాడు. మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డి వర్మగా పేరుపొందిన మనిషి ఆయన. ఆది హిందూ ఉద్యమ నాయకుడిగా, బడులు పెట్టినవాడిగా ఆయన మనకు తెలుసు. జయంతికి, వర్ధంతికి దండలు వేస్తాం. అయితే ఆయన కథకుడు కూడా. ‘వెట్టి మాదిగ’ అనే కథ రాశారు. దళితుడు రాసిన తొలి తెలుగు దళిత కథల్లో దాన్ని ఒకటిగా పరిశోధకులు లెక్కిస్తున్నారు. సభల్లో చెప్పుకునే ఆయన జీవితంలో ఈ కోణం చివరి వరుసలో ఉండిపోయింది. దాన్ని ముందుకు తెచ్చి చూస్తే, ఆయన చేసిన మిగతా పనుల అర్థం కూడా కొంత మారుతుంది.

పేరుతో మొదలైన బతుకు

భాగయ్య 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తండ్రి వెంకయ్య, తల్లి రంగమాంబ. అప్పటికి మన జహీరాబాద్ కూడా అదే నిజాం రాజ్యంలో, బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో బీదర్ జిల్లాను విడదీసినప్పుడు ఈ తాలూకాలో చాలా భాగం తెలుగు రాష్ట్రంలో కలిసింది. అంటే భాగ్యరెడ్డి వర్మ పోరాడిన రాజ్యమూ, మన తాతలు వెట్టి చేసిన రాజ్యమూ ఒకటే.

భాగయ్య ఇంట్లో పేదరికమే. చదువు కొనసాగించే వీలు లేక చిన్న వయసులోనే పనిలో చేరాల్సి వచ్చింది. ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. పని చేసుకుంటూనే చదువు, లోకజ్ఞానం పెంచుకున్నారు.

ఆయన పేరు వెనకే ఒక కథ ఉంది. రెడ్డి అనే మాట రేడు నుంచి వచ్చిందని, రేడు అంటే పాలకుడని, ఈ నేలకు మొదటి పాలకులు మనవాళ్లేనని చెప్పి కుటుంబ గురువు భాగయ్యను భాగ్యరెడ్డిగా మార్చారు. తర్వాత 1913లో ఆర్యసమాజం వారు ఆయన సేవలకు వర్మ అనే బిరుదు ఇచ్చారు. చరిత్రకారులు ఈ వ్యుత్పత్తిని ఒప్పుకుంటారా లేదా అన్నది వేరే మాట. వాడలో పుట్టిన పిల్లవాడికి నీ పేరు తిట్టు కాదు, నీ వెనక ఒక గతం ఉంది అని చెప్పిన కథ అది. మనిషి తన గురించి తాను చెప్పుకునే కథ మారితే నడక మారుతుందని ఆయన తన పేరు దగ్గరే నేర్చుకున్నట్టుంది.

చదువు రాని వాడకు చెవి ఉంది

1906లో హైదరాబాద్‌లో రెండు పనులు మొదలయ్యాయి. ఒకటి విజ్ఞాన చంద్రికా గ్రంథమాల. తెలుగువాళ్లకు చరిత్ర, శాస్త్రం, నవల పుస్తకాల రూపంలో అందించాలన్నది దాని ఆశయం. తెలుగు సాహిత్య చరిత్రలన్నీ దాన్ని గొప్పగా చెప్తాయి. రెండోది జగన్మిత్ర మండలి. పద్దెనిమిదేళ్ల భాగ్యరెడ్డి దాన్ని స్థాపించారు. ఆశయం దగ్గరదే, కానీ ముందున్న జనం వేరు. గ్రంథమాల పుస్తకం కొనాలంటే చదువు రావాలి, చేతిలో డబ్బుండాలి. మాల మాదిగ వాడల్లో ఆ రెండూ లేవు.

అందుకే జగన్మిత్ర మండలి హరికథను పట్టుకుంది. భజనలు, ఉపన్యాసాలు, హరికథలతో వాడవాడకూ వెళ్లింది. హరికథ చూసినవాళ్లకు దాని పట్టు తెలుసు. ఒక్క మనిషి, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు. కాసేపు పాట, కాసేపు మాట, మధ్యలో ఒక పిట్టకథ. జనం నవ్వుతారు, కళ్లు తుడుచుకుంటారు, కథ పూర్తయ్యేదాకా లేవరు. తాగుడు మానండి, పిల్లల్ని బడికి పంపండి, పసిపిల్లలకు పెళ్లిళ్లు చేయకండి అని ఉత్తినే చెప్తే వినేవాళ్లు తక్కువ. కథలో కలిపి చెప్తే రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. హరికథ గుడి ముందు పుట్టి పెరిగిన కళ. ఆ గుడిలోకి దళితుడికి రానివ్వని కాలం అది. గుడి బయట ఆపేసిన మనుషుల దగ్గరికి ఆ గుడి కళనే తీసుకెళ్లి, వాళ్ల బాగు కోసం వాడుకోవడం చిన్న పని కాదు. ఆనందం మీద కూడా వాడకు హక్కు ఉందని చెప్పడమే అది.

బడి తెరిచిన ఏడాది

1910లో గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ కథ అచ్చయింది. ఆధునిక తెలుగు కథ చరిత్ర అక్కడ మొదలైందని చాలాకాలం చెప్పుకున్నారు. అంతకు ముందే, 1902లో, బండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ రాశారని తర్వాత పరిశోధకులు గుర్తుచేయాల్సి వచ్చింది. ఎవరి కథ మొదటిది అన్న లెక్కలో ఆడవాళ్లు ఎలా వెనక్కి పోయారో, దళితులూ అలాగే పోయారు.

అదే 1910లో హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి బడులు తెరిచారు. ఇసామియా బజార్, లింగంపల్లిలలో దళిత పిల్లల కోసం తెలుగు బడులు. రాజ్యంలో అధికార భాష ఉర్దూ. ఇంట్లో మాట్లాడే భాషలో అక్షరం నేర్చుకునే చోటు దళిత పిల్లలకు కరువు. మరుసటి ఏడాది జగన్మిత్ర మండలి మన్య సంఘంగా మారింది. బడులు ఒక్కొక్కటిగా పెరిగాయి. 1933 నాటికి 26 బడుల్లో దాదాపు 2500 మంది పిల్లలు చదువుకున్నారు. ఆ తర్వాత ఆ బడుల్ని నిజాం ప్రభుత్వమే తన చేతుల్లోకి తీసుకుంది.

అచ్చు కథకు పాఠకుడు కావాలి. మిగతా సమాజానికి పాఠకులు తరతరాలుగా సిద్ధంగా ఉన్నారు. మనకు మాత్రం పాఠకుణ్ని కూడా మనమే తయారు చేసుకోవాల్సి వచ్చింది. భాగ్యరెడ్డి పత్రిక పెట్టే నాటికి ఇరవై ఏళ్లు బడులు నడిపి ఉన్నారు. కథ రాయడానికి ముందు చదివేవాళ్లను సిద్ధం చేసిన కథకుడు ఆయన.

బెజవాడలో మారిన పేరు

1917 నవంబరులో బెజవాడలో ఆంధ్ర ప్రాంత పంచముల తొలి మహాసభ జరిగింది. అధ్యక్షుడిగా హైదరాబాద్ నుంచి భాగ్యరెడ్డి వర్మను పిలిచారు. పంచములు అన్న మాటే తప్పని ఆయన వాదించారు. ఆ పేరు పైనుంచి అంటగట్టినదని, మనం ఈ నేల మొదటి బిడ్డలమని, ఆది ఆంధ్రులమని చెప్పారు. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాసభగా ముగిసింది. ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసి ఉంచారు. సభకు వచ్చినవాళ్లు కొండెక్కుతారని భయం.

ఆది అన్న మాట వాడలకు కొత్తేమీ కాదు. తెలంగాణ పల్లెల్లో చిందు మాదిగలు జాంబపురాణం ఆడతారు. భూమి పుట్టకముందు ఆరు నెలలకే జాంబవంతుడు పుట్టాడని అందులో చెప్తారు. అందరికన్నా ముందు మేమున్నాం అన్న మాట మాదిగ పెద్దలు ఆటలో, పాటలో వందల ఏళ్లుగా దాచుకున్నదే. భాగ్యరెడ్డి వర్మ అదే మాటను సభాతీర్మానంగా, జనాభా లెక్కల డిమాండుగా మార్చారు. పురాణంలో ఉన్నది రాజకీయంలోకి నడిచి వచ్చింది.

1921లో మన్య సంఘం ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. 1931 జనాభా లెక్కల్లో దళితులను ఆది హిందువులుగా నమోదు చేయడానికి నిజాం ప్రభుత్వం ఒప్పుకుంది. అంతకు ముందు ఏడాది లక్నోలో జరిగిన అఖిల భారత ఆది హిందూ మహాసభకు ఆయనే అధ్యక్షుడు. రౌండ్ టేబుల్ సమావేశంలో మన తరఫున మాట్లాడే మనిషి డాక్టర్ అంబేడ్కర్ అని ఆ సభ బలపరిచింది.

పేర్లు, తీర్మానాల మధ్య రోజువారీ పని ఆగలేదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా హైదరాబాద్‌ను ఊడ్చేసినప్పుడు ఆయన కార్యకర్తలు రోగుల దగ్గరికి వెళ్లారు, దిక్కులేని శవాలకు అంత్యక్రియలు చేశారు. కోర్టు ఖర్చు భరించలేని కుటుంబాల తగాదాలు తీర్చడానికి పంచాయితీలు పెట్టారు. దళిత ఆడపిల్లల్ని దేవుడి పేరుతో బసివిగా, మురళిగా, దేవదాసిగా వదిలే ఆచారం మీద పోరాడారు.

ఒక పత్రిక, ఒక కథ

1931లో ఆయన ‘భాగ్యనగర్’ పత్రిక ప్రారంభించారు. తెలంగాణలో అప్పటికి ‘గోలకొండ’ పత్రిక ఐదేళ్లుగా నడుస్తోంది. ఆ పత్రిక తెలుగు రచయితలకు ఊపిరి పోసింది, నిజమే. కానీ దళితుడి ఫిర్యాదు దళితుడి చేతులతో అచ్చయ్యే పత్రిక వేరే కావాలి. ‘భాగ్యనగర్’ ఆ లోటు తీర్చింది. తర్వాత 1937లో దాని పేరు ‘ఆది హిందూ’ అయింది.

‘వెట్టి మాదిగ’ కథ ఆ ‘భాగ్యనగర్’లో వచ్చింది. పేరులోనే రెండు మాటలు పక్కపక్కన ఉన్నాయి. మొదటిది చాకిరీ, రెండోది కులం. నిజాం రాజ్యపు పల్లెల్లో ఆ రెండింటినీ విడదీసి చూడలేం. మాదిగ ఇంట్లో పుట్టడమే నియామక పత్రం. చచ్చిన పశువును మోసుకుపోవాలి. తోలు ఊనాలి. పటేలుకు, పట్వారీకి చెప్పులు కుట్టివ్వాలి, మోటబావికి తోలు తొండం, తాళ్లు ఇవ్వాలి. పెళ్లికీ చావుకూ డప్పు కొట్టాలి. తహసీల్దారో గిర్దావరో ఊరికి మకాం వస్తే సామాను నెత్తిన మోసి పక్క ఊరి పొలిమేర దాకా దింపి రావాలి. చిట్టీ ఇస్తే ఎండైనా వానైనా పరుగెత్తాలి. ఒక పూట ఆలస్యమైతే తిట్లు, దెబ్బలు. ఇంత చేసినా పంట కల్లంలో విదిలించిన గింజలే గతి.

ఈ సంగతులు ఆ కాలపు మహజర్లలో, తీర్మానాల్లో, దరఖాస్తుల్లో ఉన్నాయి. భాగ్యరెడ్డి వర్మ స్వయంగా వేల ఉపన్యాసాలు ఇచ్చిన మనిషి, దరఖాస్తులు రాయడంలో చేయి తిరిగినవారు. అయినా కథ ఎందుకు రాశారు? దరఖాస్తు అధికారిని అడుగుతుంది. కథ పాఠకుణ్ని ఆ మనిషి పక్కన నిలబెడుతుంది. దరఖాస్తులో వెట్టివాళ్లు ఒక గుంపు. కథలో వెట్టివాడు ఒక మనిషి, వాడికి ఇల్లుంది, భార్య ఉంది, బిడ్డ మీద ఆశ ఉంది. ఇరవై అయిదేళ్ల కిందట హరికథతో ఏ పని చేశారో, చదువు వచ్చిన తర్వాతి తరం కోసం అదే పనిని అచ్చు కథతో చేశారు.

అప్పటికే తెలుగులో దళిత జీవితం మీద పెద్ద నవల ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 1922లో వచ్చింది, ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1930లలో కరుణకుమార దళితుల మీద మంచి కథలు రాశారు. వాళ్ల సానుభూతి నిజమైనదే. కానీ రాసిన చేయి బయటిది. ‘వెట్టి మాదిగ’ రాసిన చేయి అంటరానితనాన్ని తన ఒంటి మీద మోసిన చేయి. తేడా అక్కడుంది.

అడగాల్సిన ప్రశ్నలు

దండలు వేసి ఊరుకుంటే భాగ్యరెడ్డి వర్మకు మనం న్యాయం చేసినట్టు కాదు. ఆయన మాల. కథ మాదిగది. ఆది హిందూ సంఘాల్లో నాయకత్వం మాలలదే అన్న అసంతృప్తి ఆ కాలంలోనే మాదిగల్లో ఉంది. అరుంధతీయ సంఘాలు విడిగా ఏర్పడ్డాయి. కాబట్టి ఆయన కథకు రెండు వైపులున్నాయి. తన కులం దాటి, తనకన్నా బరువు మోస్తున్న అన్న బతుకును రాయడం ఒక వైపు. మాదిగ బతుకును మాదిగే రాసే రోజు ఇంకా రాలేదన్నది రెండో వైపు. వర్గీకరణ మీద దశాబ్దాల వాదన చూసిన మనం ఈ రెండు వైపులనూ దాచకుండా చూడాలి.

ఆయన సంస్కరణలో ఆర్యసమాజ ప్రభావం, మాంసం మానాలన్న ప్రచారం, మర్యాదస్తుల బతుకే ఆదర్శమన్న ధోరణి కూడా ఉన్నాయి. మన తిండిని మనమే చిన్నచూపు చూడాలా అని ఈనాటి విద్యార్థి అడిగితే ఆ ప్రశ్న సరైనదే. చివరి ఏళ్లలో ఆయన బౌద్ధం వైపు మొగ్గారు. వెతుకులాట ఆపని మనిషి ఆయన.

1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. వయసు యాభై. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ ఆయన జ్ఞాపకంగా మిగిలింది. కథ మాత్రం పాత పత్రిక కాగితాల్లో ఉండిపోయింది. దశాబ్దాల పాటు తెలుగు కథా సంకలనాలు వచ్చాయి, ఉత్తమ కథలు, శతవార్షిక కథలు అన్నారు. వాటి పాఠకుల్లో ఎంతోమంది ‘వెట్టి మాదిగ’ పేరు కూడా వినలేదు. సంగిశెట్టి శ్రీనివాస్ వంటి పరిశోధకులు పాత తెలంగాణ పత్రికలు తిరగేసి మరుగునపడ్డ కథలను బయటికి తీసిన తర్వాతే దీని గురించి చర్చ మొదలైంది. కథ రాయడం ఒక పోరాటమైతే, దాన్ని దాచుకోవడం ఇంకో పోరాటం.

మన అలమరలో ఏముంది

భాగ్యరెడ్డి వర్మ ఒక్క కథతో తెరిచిన దారిలో ఇప్పుడు పుస్తకాలే ఉన్నాయి. ఒక్కో సంపుటిది ఒక్కో రుచి. నవ్వుతూ నవ్వుతూ గొంతు పట్టేయాలంటే ఎండ్లూరి సుధాకర్ ‘మల్లెమొగ్గల గొడుగు’. కోపం రుచి తెలియాలంటే నాగప్పగారి సుందర్రాజు ‘మాదిగోడు’, రాయలసీమ యాసలో. నీళ్ల కోసం జరిగే యుద్ధం చూడాలంటే కొలకలూరి ఇనాక్ ‘ఊరబావి’. మాదిగ ఆడపిల్ల బాల్యం జాజుల గౌరి ‘మన్నుబువ్వ’లో ఉంది. తాండూరు వైపు పల్లెల మట్టి వాసన గోగు శ్యామల ‘ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం’లో ఉంది. జహీరాబాద్ పాఠకులకు ఆ మాట తీరు సొంతింటి మాటలా అనిపిస్తుంది. చదువుకుని నగరానికి చేరిన దళిత యువకుడి ఒంటరితనం పసునూరి రవీందర్ ‘అవుటాఫ్ కవరేజ్ ఏరియా’లో, దళిత స్త్రీల శ్రమ జూపాక సుభద్ర ‘రాయక్క మాన్యం’లో, దళిత క్రైస్తవ జీవితం వినోదిని ‘బ్లాక్ ఇంక్’లో. ఈ వరుసలో మాదిగ బతుకును రాసిన మాదిగలు ఇందరున్నారు. 1930లలో రాని రోజు వచ్చింది.

మన విద్యార్థులు కథలను నెట్ పరీక్ష కోసం చదువుతారు. కార్యకర్తలు ఉపన్యాసంలో వాడుకోవడానికి చదువుతారు. రెండూ అవసరమే. కానీ ఉత్తినే ఆనందం కోసం కూడా చదవాలి. ఒక కథ ఏడిపిస్తే మరో కథ నవ్వించాలి, ఒకటి పురాణంలా సాగితే మరొకటి నేటి సెల్‌ఫోన్ భాషలో ఉండాలి. ఆనందం దొరకని చోట జనం కూర్చోరని జగన్మిత్ర మండలి 1906లోనే గ్రహించింది.

జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. దాన్ని నడిపేది దళిత మహిళలే. పాటలు, సామెతలు, పంటల ముచ్చట్లు, కథలు వాళ్ల సొంత మాటల్లో గాలిలోకి వెళ్తాయి. ఒకప్పుడు వాడవాడకూ తిరిగిన హరికథ చేసిన పనే ఇది. తేడా ఒక్కటే. ఇప్పుడు కథ చెప్పే గొంతు ఆడగొంతు.

బేగరి ఇంటిపేరున్న పిల్లలు ఇప్పుడు జహీరాబాద్ హాస్టళ్లలో, కాలేజీల్లో ఉన్నారు. వారానికి ఒక్క సాయంత్రం నలుగురు కూర్చుని ఒక్క కథ గట్టిగా చదువుకుంటే చాలు. మొదటి వారం ‘వెట్టి మాదిగ’తో మొదలుపెట్టండి. రెండో వారం ఇంటికి వెళ్లి, ఆ ఇంటిపేరు ఎలా వచ్చిందో నాయనమ్మను అడిగి, విన్నది కథగా రాసుకుని రండి. భాగ్యరెడ్డి వర్మ జయంతికి దండతో పాటు మనం ఇవ్వగలిగినది అదే.